పద్నాలుగో బెడ్డు

ఆవిడ పోయిన పదకొండో రోజున నాకు ఫోన్ వచ్చింది. మధ్యాహ్నం, ఆఫీసులో ఉన్నాను. తెలియని నంబరు. అవతల ఒక ఆడగొంతు బెంగాలీలో మొదలుపెట్టి, హిందీలోకి మారి, నేను తెలుగుదాన్నని చెప్పాక తడబడుతూ తెలుగులోకి వచ్చింది.

"పిట్టలమ్మాయివి నువ్వేనా? మా పిన్నమ్మ ఫోనులో అలగే రాసుంది. అసలు పేరు మాకు తెల్దు. పిన్నమ్మ పోయినాది. ఫోనులో ఉన్న నంబర్లన్నిటికీ సెప్తన్నాం."

ఎవరి పిన్నమ్మ అని నేను అడగలేదు. కలకత్తాలో నన్ను అలా పిలిచే మనిషి ఒక్కతే. న్యుమోనియా అన్నారట. నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉంచారట. వచ్చే ఆదివారం హౌరా పక్కన టికియాపారాలో తమ తెలుగు చర్చిలో ప్రార్థన పెట్టుకున్నామని, వీలైతే రమ్మని చెప్పింది. వస్తానన్నాను. ఆవిడతో మాట్లాడి ఏడాది దాటింది. మాట్లాడకపోవడానికి కారణం ఆవిడ కాదు.

నేను ఆవిడను పిన్నీ అనేదాన్ని. మొదట్లో ఆంటీ అంటే ఒప్పుకోలేదు. "ఆంటీ అంటే మా వార్డులో సిస్టరమ్మలు. నాను ఆయమ్మని. ఆయమ్మా అను, లేపోతే పిన్నీ అను" అంది. రైల్వే ఆసుపత్రి ప్రసూతి వార్డులో ముప్పై ఏళ్ళకు పైగా ఆయాగా చేసిన మనిషి. తండ్రి శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే పనికి వచ్చి హౌరాలో ఉండిపోయాడు. ఆవిడ పుట్టింది ఇక్కడే. పెళ్ళి చేసుకోలేదు. రిటైరయ్యాక క్వార్టరు ఖాళీ చేసి అక్క కూతురి ఇంట్లో ఉండేది. ఆవిడ జీవితం గురించి నాకు తెలిసింది ఇంతే. మిగిలినవన్నీ శనివారాలు.

ఊరికి దక్షిణాన, గరియా దాటాక ఒక పక్షుల అభయారణ్యం ఉంది. పేరు విని పెద్ద అడవి అనుకోవద్దు. అది ఒకప్పటి పండ్లతోట. తోటవాళ్ళు పోయారు, చెట్లు మిగిలాయి. చుట్టూ అపార్ట్‌మెంట్లు లేచి, రోడ్డు మీద ఆటోల మోత చెవులు గింగుర్లెత్తిస్తుంటే, గేటు దాటిన పది అడుగుల్లో పట్టపగలే మసక చీకటి. ముసలి మామిళ్ళు, పనసలు, వెదురు పొదలు, కాళ్ళ కింద మెత్తగా కుళ్ళిన ఆకులు. దోమలు చెప్పనక్కర్లేదు.

నేను హనుమకొండ నుంచి వచ్చి న్యూ టౌన్‌లో ఉద్యోగంలో చేరిన కొత్తలో, వారాంతం ఏం చేయాలో తెలియక ఒక కెమెరా కొనుక్కున్నాను. ఆ కెమెరాతో మొదటిసారి ఆ తోటకు వెళ్ళినరోజు మా అమ్మ ఫోన్ చేసింది. "ఆఁ అమ్మా, తిన్న. ఏదో పిట్టల తోటకొచ్చిన. ఒక్కదాన్నే. భయమెందుకు, గార్డులున్నరు" అని గొంతెత్తి చెబుతుంటే, గొడుగు పిడి ఒకటి వెనకనుంచి నా భుజం మీద పడింది.

"ఓలమ్మా, తెలుగుపిల్లవా? అయితే తెలుగులోనే సెప్తాను. గొంతు తగ్గించు. ఇది వార్డు."

తిరిగి చూస్తే పొడుగ్గా, సన్నగా, చీలమండల పైకి కట్టిన నేతచీర, దాని కింద తెల్లటి కాన్వాసు బూట్లు, చేతిలో మూసిన గొడుగు. ఆ గొడుగు ఎండకు గానీ వానకు గానీ తెరవగా నేను చూడలేదు. గొడుగు తెరిస్తే పిట్టలు పెద్ద గద్ద వచ్చిందనుకుంటాయట. వానొస్తే తడిసేది.

అదంతా ఆవిడకు నిజంగానే వార్డు. చెట్లకు బెడ్ నంబర్లు వేసుకుంది. గేటు పక్క పనస ఒకటో బెడ్డు. అక్కడ వడ్రంగిపిట్ట. "దానికి తలనొప్పి. పొద్దస్తమానం గోడకేసి కొట్టుకుంటాది." ఎర్రటి కళ్ళతో, గోధుమరంగు రెక్కలను చేతుల్లా వెనక్కి పెట్టుకుని నింపాదిగా నడిచే జెముడుకాకి కనిపిస్తే లేచి నిలబడేది. "సూపర్నెంటు రౌండ్సుకొచ్చినాడు. నువ్వూ లెగు." బూడిదరంగు పిట్టలు పది ఒక్కసారిగా వాలి గొడవ మొదలుపెడితే, "ఇయిగో, ఇజిటర్లు. మనవడు పుట్టినాడు కావాల, మేనత్తలతో సహా దిగిపోనారు" అని మూతి తిప్పేది.

వేలెత్తి పిట్టను చూపించేది కాదు. గడ్డం ఎత్తి చూపించేది. మంచం మీది మనిషిని వేలు పెట్టి చూపడం మర్యాద కాదని మొదటి ఉద్యోగంలో ఎవరో పెద్ద సిస్టరు నేర్పిందట. గేటు బయట కుళాయి దగ్గర చేతులు కడుక్కున్నాకే లోపలికి వచ్చేది, నా చేత కూడా కడిగించేది. మధ్యాహ్నం తినడానికి గుడ్డసంచిలో మరమరాలు, కొబ్బరిముక్కలు తెచ్చుకునేది. మరమరాలు కరకరలాడితే చప్పుడని, వాటి మీద నీళ్ళు చిలకరించి మెత్తబరిచి తినేది. నాకూ పెట్టేది. తడిసిన మరమరాలంత రుచిలేని తిండి ఇంకొకటి ఉండదు. రెండేళ్ళు తిన్నాను.

ఒకసారి నా ఫోనులో పిట్టల పేర్లు చెప్పే యాప్ తెరిచి, ఆవిడ ఏళ్ళతరబడి చూస్తున్న పిట్టలకు ఇంగ్లీషు పేర్లు గొప్పగా చదివి వినిపించాను. ఓపిగ్గా విని, "నానేటి డాక్టరమ్మనా, జబ్బు పేరు తెలవడానికి?" అంది. "ఆయమ్మకి కావాలసింది రెండే. తిన్నాదా, తొంగున్నాదా."

గేటు దగ్గర టికెట్లిచ్చే గార్డు దాదా ఆవిడకు పాత స్నేహితుడు. యాభై దాటినవాడు. చలికాలం వస్తే ముక్కు, కళ్ళు తప్ప కనబడకుండా మంకీ టోపీ దిగలాగేవాడు. ఆవిడను మాషీ అనేవాడు, పిన్నమ్మా అన్నట్టు. శనివారం ఆవిడ రాగానే వారం రోజుల సంగతులు వరసగా అప్పజెప్పేవాడు. ఏ కొమ్మ విరిగింది, పాము ఎక్కడ కనబడింది, ఏ గూట్లో గుడ్లు పోయాయి. డ్యూటీ దిగే ఆయా, డ్యూటీ ఎక్కే ఆయాకు చెప్పినట్టే. ఆవిడ తల ఊపుతూ వినేది. ఆ తర్వాత ఆయన మోకాళ్ళ నొప్పి సంగతి వచ్చేది. ఆవిడ ఆవనూనె అనేది, ఆయన డాక్టరు మాత్ర అనేవాడు. ఆ తగవు నేను చూసినన్నాళ్ళూ తెగలేదు. నన్ను చూపించి ఆయనతో, "ఇది మా దేశం పిల్ల" అని బెంగాలీలో చెప్పేది. మా ఊరికీ వాళ్ళ ఊరికీ ఎంత దూరమో ఆవిడకు తెలియదు. శ్రీకాకుళమే ఆవిడ చూడలేదు.

న్యూ టౌన్ ఫ్లాట్‌లో నాతో ఉండే ఇద్దరమ్మాయిలకు వేరే స్నేహితులుండేవారు. ఆఫీసులో అందరూ మంచివాళ్ళే కానీ, సాయంత్రం అయ్యేసరికి బెంగాలీలోకి వెళ్ళిపోయేవారు. వారంలో నేను నోరారా తెలుగు మాట్లాడింది, అదీ గుసగుసల్లో, ఆ తోటలోనే.

రెండో శీతాకాలం. జనవరి. ఆ రోజు ఆవిడ నా వైపు కాసేపు చూసి, "అమ్మీ, నీకొకటి సూపెడతాను. రా" అంది. వెదురు పొదల అవతల దారి మలుపు తిరిగేచోట ఆగి గడ్డం ఎత్తింది. పెద్ద మామిడి. పై కొమ్మ ఎప్పుడో విరిగిపోయిన చోట తొర్ర. చూడగా చూడగా ఆ తొర్రలో చెక్కరంగు ముఖం, రెండు పెద్ద నల్లటి కళ్ళు తేలాయి.

"గుడ్లగూబనా పిన్నీ? మా దిక్కు చూస్తే మంచిగ కాదంటరు."

"మీ దిక్కు అలగంటారు. ఈళ్ళు లచ్చిందేవి బండి అంటారు. నాకయితే పద్నాలుగో బెడ్డు. బాలింతరాలు." ఆవిడ గొంతు మరీ తగ్గించింది. "పోయినేడు కూడా ఇక్కడే పెట్టినాది. గార్డు దాదాకి తెలుసు, నాకు తెలుసు. ఇప్పుడు నీకు. మూడోవాళ్ళకి తెలవకూడదు."

"నేనే మూడోదాన్ని గద."

ఆవిడ నవ్వింది. పళ్ళు కనబడకుండా, భుజాలు మాత్రం కదిలేలా నవ్వేది. "ఫొటో కావాలేటి? ఒక్కటి తీసుకో. ఇక్కడ నుంచే. దగ్గరకెల్లకు. ఎవలికీ సెప్పకు. బాలింత గదిలోకి జనం దూరితే పాలింకిపోతాయి."

"ఎవ్వరికి చెప్ప" అన్నాను.

ఒక్క ఫొటో అనుకున్నది పన్నెండు తీశాను. అందులో ఒకటి నేను జీవితంలో తీసిన అన్ని ఫొటోల్లోకీ మంచిది. ఆకుల సందుల్లోంచి వెలుగు సరిగ్గా ఆ ముఖం మీదే పడింది. దాన్ని నాలుగు రోజులు ఒక్కదాన్నే చూసుకున్నాను. ఐదో రోజు మధ్యాహ్నం భోజనాల వేళ, పిట్టల ఫొటోలు పెట్టుకునే ఒక ఆన్‌లైన్ గుంపులో పెట్టేశాను. చోటు పేరు రాయలేదు. రాయలేదు కాబట్టి మాట తప్పలేదనుకున్నాను. ఆ రోజంతా ఫోను మోగుతూనే ఉంది. అంతమంది నన్ను మెచ్చుకోవడం కలకత్తా వచ్చాక అదే మొదలు. ఆ గుంపులో అందరూ గౌరవించే పెద్దమనిషి ఒకాయన విడిగా మెసేజ్ పెట్టాడు. చాలా అరుదైన దృశ్యం, మీ కన్ను గొప్పది, ఎక్కడ తీశారు, నా ఒక్కడికే చెప్పండి, గూటికి ఇబ్బంది రానివ్వను అని.

ఆయన ఒక్కడికే చెప్పాను. మలుపు, వెదురు పొదలు, మామిడి, అన్నీ.

ఆపై శనివారం నేను కొంచెం ఆలస్యంగా వెళ్ళాను. గేటు దగ్గర దాదా లేడు. మనుషుల గొంతులు లోపలినుంచి గేటు వరకు వినిపిస్తున్నాయి. వెదురు పొదలు దాటేసరికి ఇరవై మంది దాకా ఉన్నారు. కెమెరాలకు మూడుకాళ్ళ స్టాండ్లు వేసి, దారి దిగి చెట్టు మొదలు దాకా వెళ్ళారు. తొర్రకు అడ్డంగా వేలాడే తీగను ఎవరో లాగి కింద పడేశారు. ఒకడు ఫోనులో గుడ్లగూబ అరుపు పెట్టి చెయ్యెత్తి పట్టుకున్నాడు, లోపలున్నది బయటికి చూస్తుందని. దాదా, ఇంకో గార్డు ఇద్దరూ అందరినీ వెనక్కి పంపడానికి తిరుగుతున్నారు. ఒకవైపు పంపితే ఇంకోవైపు చేరుతున్నారు.

చెట్టు ముందు ఆవిడ నిలబడి ఉంది. రెండు చేతులూ చాపి. నేను ఎప్పుడూ వినని గొంతుతో అరుస్తోంది. ఏం చెప్పినా పిట్టల దగ్గర గుసగుస దాటని మనిషి.

"ఏటా ఆతుర్‌ఘర్! ఆతుర్‌ఘర్!"

ఇది పురిటిగది, పురిటిగది అని. కొందరు నవ్వారు. ఒక కుర్రకారు గుంపు కెమెరాలు గూటి మీదనుంచి ఆవిడ మీదికి తిప్పింది. చెమటకు జుట్టు ముఖానికి అంటుకుని, ఒక బూటు బురదలో కూరుకుపోయి ఉంది. ఎవరో ఆవిడను పిచ్చి ముసలమ్మ అన్నారు. నాకు ఆ మాత్రం బెంగాలీ అర్థమవుతుంది.

నేను వెళ్ళి ఆవిడ పక్కన నిలబడాలి. అది ఆ క్షణంలో కూడా నాకు తెలుసు. కానీ నా మెడలో కూడా కెమెరా ఉంది. దాన్ని తీసి సంచిలో పెట్టుకున్నాను. ఒక వెదురు పొద చాటుకు జరిగాను. అక్కడినుంచి గేటుకు, గేటునుంచి ఆటోకు. ఇంటికి చేరి ఫొటో తీసేశాను. ఆ పెద్దమనిషికి మెసేజ్ రాశాను. ఆయన జవాబిచ్చాడు, నేను ఇద్దరికే చెప్పానండీ అని.

తర్వాతి శనివారం తోట నిశ్శబ్దంగా ఉంది. ఆవిడ మలుపు దగ్గర కూర్చుని ఉంది. ఒళ్ళో మడిచిన తువ్వాలు. తల్లి మూడు రోజులుగా తొర్రలోకి రావడం లేదట. కాకులు ఒక పిల్లను లాక్కెళ్ళాయి. ఇంకోటి కిందపడి చచ్చిపోయి ఉంటే ఆ ఉదయం ఆవిడే చూసింది. తువ్వాలు విప్పి చూపించలేదు. విప్పమని నేను అడగలేదు.

"అమ్మీ, నువ్వు ఎవలికైనా సెప్పినావేటి?"

కోపంగా అడగలేదు. తిన్నావా అని అడిగినట్టే అడిగింది. నిజం చెప్పడానికి అంతకంటే మంచి సమయం దొరకదు. ఆవిడ తిట్టేదేమో, వారం పది రోజులు మాట్లాడేది కాదేమో. అంతకుమించి ఏమీ జరిగేది కాదు. ఇది ఇప్పుడు తెలుస్తోంది.

"లేదు పిన్నీ. నేనెవ్వరికి చెప్పలే."

ఆవిడ నా ముఖంలోకి చూసింది. తల ఊపింది. "మరయితే ముగ్గురిలో ఇద్దరం కాదు" అంది.

లేచి గేటు వైపు నడిచింది. నేను వెనకే వెళ్ళాను. టికెట్ కిటికీ ముందు జనం ఉన్నారు. వాళ్ళందరి ముందూ ఆవిడ దాదాను నిలదీసింది. ఏం ఆశపడి చెప్పావు, ఎవరికి చెప్పావు, నీ ఇంట్లో ఆడపిల్లలు లేరా అని. దాదా మొదట అర్థంకాక నవ్వాడు. అర్థమయ్యాక కిటికీ వదిలి బయటికొచ్చాడు. "మాషీ, నా పిల్లల మీద ఒట్టు" అన్నాడు. ఆవిడ వినలేదు. "నా పిల్లల మీద ఒట్టు మాషీ" అని మళ్ళీ అన్నాడు, ఈసారి నా వైపు చూస్తూ, నువ్వైనా చెప్పమన్నట్టు. నేను చెప్పుల వైపు చూసుకున్నాను.

ఆ రోజు తర్వాత వాళ్ళిద్దరికీ మాటల్లేవు. నేను ఇంకా రెండు శనివారాలు వెళ్ళాను. ఆవిడ దాదా ముందు చేయి చాపి టికెట్ తీసుకునేది, ఆయన ముఖం పక్కకు తిప్పి ఇచ్చేవాడు. వారం సంగతులు చెప్పేవాళ్ళు లేక ఆవిడే చెట్టుచెట్టు దగ్గరా తిరిగి చూసుకునేది. నాతో మాత్రం ఎప్పటిలాగే ఉంది. అదే నేను భరించలేకపోయాను. మూడో శనివారం ఆఫీసు పనుందని మానేశాను. నాలుగోదీ అంతే. ఆవిడ ఫోన్ చేస్తే, మొదట్లో "పనుంది పిన్నీ" అని చెప్పాను, తర్వాత ఎత్తడమే మానేశాను. వేసవి మొదలయ్యాక ఫోన్లు ఆగిపోయాయి. ఆగినందుకు తేలికపడ్డానని చెప్పడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది.

ఆదివారం చర్చికి వెళ్ళాను. రైలుపట్టాల పక్కన చిన్న హాలు, నీలిరంగు గోడలు. ప్రతి పది నిమిషాలకు బండి వెళ్తుంటే ప్రార్థన ఆగేది, బండి పోయాక మళ్ళీ మొదలయ్యేది. ముందు వరసలో ఉన్న పిల్లలు తెలుగు పాటను బెంగాలీ అక్షరాల్లో రాసుకుని పాడుతున్నారు. పెద్దవాళ్ళు ఒక్కొక్కరే లేచి ఆవిడ గురించి చెప్పారు. తన ముగ్గురు పిల్లలూ ఆయమ్మ చేతుల్లోనే పడ్డారని ఒకావిడ చెప్పింది. ఎవరింట్లో కాన్పయినా పిలవకుండానే వచ్చి, పదకొండు రోజులు గుమ్మం దగ్గర కూర్చుని చుట్టాలను లోపలికి పోనిచ్చేది కాదని ఒకాయన చెప్తే అందరూ తడికళ్ళతో నవ్వారు.

అక్క కూతురు నన్ను చూపించి, "ఈయమ్మే పిట్టలమ్మాయి" అంది. "పిన్నమ్మ నీ గురించి శానా సెప్పీది. మా తెలుగుపిల్ల పెద్దాఫీసులో ఉంది, కాళీ ఉండదు పాపం అనీది. నువ్వూ రెండు మాటలు సెప్పమ్మా."

లేచి నిలబడ్డాను. ఆవిడ నాకు పిట్టలను చూడటం నేర్పిందని చెప్పాను. అందరూ తల ఊపారు. కూర్చున్నాను. అది అబద్ధం కాదు. కానీ నేను చెప్పవలసింది అది కాదు. ఆవిడకు ఇక చెప్పుకోలేను. చెప్పుకోవలసిన ఇంకో మనిషి బతికే ఉన్నాడు.

తర్వాతి శనివారమే తోటకు వెళ్ళాను. దాదా కిటికీలోనే ఉన్నాడు. బాగా తెల్లబడ్డాడు. నన్ను వెంటనే గుర్తుపట్టలేదు. పట్టాక, "చాలా రోజులైంది దీదీ" అన్నాడు. మాషీ పోయిందని చెప్పాను. ఆయనకు తెలియదు. చెప్పేవాళ్ళెవరున్నారు? కిటికీ అంచు మీద రెండు చేతులూ ఆనించాడు.

"ఇంకో మాట చెప్పాలి దాదా" అన్నాను. నా బెంగాలీ అంతంతమాత్రం. అయినా ఆ మాటలు దారంతా కూడబలుక్కుని వచ్చాను. "ఆ గూడు సంగతి బయట చెప్పింది మీరు కాదు. నేను. మాషీ అడిగితే లేదని అబద్ధమాడాను. ఆవిడ మిమ్మల్ని అన్నవన్నీ నా వల్లే."

ఆయన తిడతాడనుకున్నాను. తిట్టడానికే సిద్ధపడి వచ్చాను. ఆయన ముఖంలో కోపం రాలేదు. ఏదో లెక్క తప్పినట్టు అయోమయంగా చూశాడు.

"నువ్వా?" అన్నాడు. "మాషీ చెప్పింది, తనే చెప్పానని."

అర్థంకాలేదు. మళ్ళీ అడిగాను. ఆయన నెమ్మదిగా, నాకు తెలిసేలా చెప్పాడు.

నేను రావడం మానేసిన కొన్నాళ్ళకు, మండే వేసవిలో, ఒక శనివారం మిట్టమధ్యాహ్నం ఆవిడ వచ్చిందట. టికెట్ అడగలేదట. కిటికీ ముందు నిలబడి చేతులు జోడించి, నిన్ను అన్యాయంగా అన్నాను బాబూ, తప్పయింది, క్షమించు అందట. ఆయన అప్పటికే కెమెరావాళ్ళ నోట ఒక మాట విని ఉన్నాడు, ఎవరో తెలుగమ్మాయి చోటు చెప్పిందని. "మరి ఎవరు చెప్పినట్టు? నీతో వచ్చే ఆ అమ్మాయేగా?" అని అడిగాడట.

"కాదు కాదు అంది దీదీ. ఆ పిల్లను ఏమీ అనకు, అది నోరున్న పిల్ల కాదు, నేనే బస్సులో వాగాను, ఎవరో విన్నట్టున్నారు అంది. నేను నమ్మాను. చేయని తప్పు ఎవరైనా నెత్తిన వేసుకుంటారా?"

మంచినీళ్ళ సీసా తీసి, తాగకుండానే పక్కన పెట్టాడు.

"నాకు ఒళ్ళు మండిపోయింది. చేసింది నువ్వు, అందరి ముందు దొంగను చేసింది నన్నా అని అరిచాను. నా పిల్లల మీద ఒట్టేశానే, అప్పుడైనా నోరు విప్పలేదేం అన్నాను. ఇంకెప్పుడూ ఈ గుమ్మం తొక్కొద్దన్నాను. కాళ్ళు వాచి ఉన్నాయి మాషీకి. రెండు బస్సులు మారి వచ్చానంది, కాసేపు నీడన కూర్చుంటానంది. నేను గేటు తీయలేదు దీదీ."

నా వెనక ఒక కుటుంబం వచ్చి నిలబడింది. అమ్మా, నాన్నా, బైనాక్యులర్ మెడలో వేసుకున్న చిన్న పాప. వాళ్ళు మా ఇద్దరినీ మార్చి మార్చి చూస్తున్నారు. దాదా వాళ్ళకు టికెట్లు చింపి ఇచ్చాడు. మాట్లాడకుండా నడవమని, దారి దిగవద్దని మామూలుగానే చెప్పాడు. వాళ్ళు లోపలికి వెళ్ళేదాకా చూసి, నా వైపు తిరిగాడు.

"ఈ మాట నువ్వు అప్పుడే చెప్పి ఉంటే..." అన్నాడు.

అవతలి గార్డును పిలిచి కిటికీలో కూర్చోమన్నాడు. గేటు తీసుకుని చెట్లలోకి వెళ్ళాడు. మోకాలు పట్టేస్తోంది కాబోలు, ఒక కాలు ఈడుస్తున్నాడు. రమ్మనలేదు. పొమ్మనీ అనలేదు. నేను గేటు బయటే నిలబడ్డాను. ఎండ నెత్తిమీదికి వచ్చింది, తర్వాత గోడ వైపు జరిగింది. పాపతో వచ్చినవాళ్ళు తిరిగి వెళ్ళిపోయారు. ఇంకా ఎవరెవరో వచ్చారు, పోయారు. తోట మూసే వేళయి ఆ రెండో గార్డు గొలుసు తెచ్చేదాకా అక్కడే ఉన్నాను. దాదా బయటికి రాలేదు.